గొడ్డురాలు: మహద్వాచకం లేని మాట

1

పదో తరగతికి రుగాగమ సంధి చెప్పేటప్పుడు నల్లబల్ల మీద ఉదాహరణలు వరుసగా రాయడం నాకు అలవాటు. పేద + ఆలు = పేదరాలు. బీద + ఆలు = బీదరాలు. మనుమ + ఆలు = మనుమరాలు. బాలెంత + ఆలు = బాలెంతరాలు. గొడ్డు + ఆలు = గొడ్డురాలు. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం వెలువరించిన తర్వాత ఎన్ని తరాల తెలుగు పిల్లలు ఈ పట్టికను వల్లె వేశారో లెక్క లేదు. నేనూ వల్లె వేశాను. ఎం.ఏ. చదివాను. ఉపాధ్యాయుడినై నా విద్యార్థుల చేత వల్లె వేయించాను. ఆ పట్టికలో ఏముందో ఒక్కసారైనా చూడలేదు.

చూసింది ఒక అమ్మాయి. మక్తల్ చుట్టుపక్కల పల్లె నుంచి సైకిల్ మీద వచ్చే పిల్ల. లేచి నిలబడి అడిగింది: "సార్, పేదరాలు అంటే పేదోడు ఉన్నడు. మనుమరాలు అంటే మనుమడు ఉన్నడు. గొడ్డురాలుకు ఎవరు సార్?" తరగతి గొల్లున నవ్వింది. "భాషలో అట్లాంటి మాట లేదమ్మా" అని నేను తర్వాతి సంధిలోకి వెళ్ళిపోయాను. వ్యాకరణపరంగా నా సమాధానం తప్పు కాదు. కాని అది సమాధానం కాదు, తప్పించుకోవడం.

మధ్యాహ్నం బడిలో వంట చేసే ఆమె నా పళ్ళెంలో అన్నం పెడుతూ అన్నది: "పొద్దున ఆ పిల్ల మంచిగ అడిగింది సారూ. నేను వరండల బియ్యం ఏరుకుంట ఇన్న. మీరే చెప్పకపోతిరి." తర్వాత తన సంగతి ఆమే చెప్పింది. పెళ్ళయిన ఆరేళ్ళకు, పిల్లలు కాలేదని భర్త ఆమెను పుట్టింటికి పంపి మరొకామెను చేసుకున్నాడు. ఆ రెండో ఆమెకూ పిల్లలు కాలేదు. ఆయన చనిపోయి చాలా ఏళ్ళయింది. "ఊరోళ్ళు ఆయన్ను ఏమనెటోళ్ళు ఎరికేనా సారూ? 'పాపం, ఇద్దరు గొడ్రాండ్ల మొగడు' అనెటోళ్ళు."

ఇద్దరు గొడ్రాండ్ల మొగడు! ఇద్దరు స్త్రీలు, ఒక పురుషుడు, సంతానం లేదు. కూడికలు నేర్చిన పిల్లవాడు కూడా అనుమానం ఎటు పోవాలో చెప్పగలడు. ఊరు మాత్రం ఆ అనుమానాన్ని సానుభూతిగా మార్చి ఆ పురుషుడికే ఇచ్చింది. ఒక సమాజం కళ్ళ ముందున్న లెక్కను ఇట్లా తలకిందులుగా ఎందుకు చదువుతుంది? ఎన్నాళ్ళ నుంచి చదువుతున్నది? ఈ చదువులో రచయితల వాటా ఎంత? ఈ వ్యాసంలో నేను వేసుకున్న ప్రశ్నలు ఇవి.

2

మొదట భాషను చూద్దాం. గర్భం దాల్చడాన్ని మనం "కడుపు పండటం" అంటాం. పండనిది కడుపే. పిల్లలు కలగాలని ముడుపు కట్టేది ఆమె, చెట్టుకు ఊయల కట్టేది ఆమె, తడిబట్టలతో ప్రదక్షిణ చేసేది ఆమె. శుభకార్యంలో ఎదురు రాకూడనిది ఆమె. ఈ క్రియలన్నింటికీ కర్త స్త్రీలింగమే.

పురుషుడిని నిందించే మాటలు తెలుగులో లేవా? ఉన్నాయి. నపుంసకుడు, పేడి, కొజ్జా. కాని వీటిని పరిశీలించండి. ఇవి శృంగార సామర్థ్యం లేదనే తిట్లు. పైగా ఇవి మరొక మానవ సమూహపు అస్తిత్వాన్నే తిట్టుగా మార్చినవి. శృంగార సామర్థ్యం పూర్తిగా ఉండి, వీర్యంలో మాత్రం జీవకణాలు లేని, లేదా చాలని పురుషుడికి మన వాడుక భాషలో పేరు లేదు. వైద్యులు "అజోస్పెర్మియా" అంటారు. అది ప్రయోగశాల మాట. ఊళ్ళో లేదు.

దీని ఫలితం చిన్నది కాదు. పేరు లేని చోట రెండు వేరువేరు విషయాలు ఒకటైపోతాయి. మగతనం ఉన్నదంటే బీజం ఉన్నట్టే అన్న సమీకరణం స్థిరపడుతుంది. "నాకేం తక్కువ?" అని భర్త అడిగినప్పుడు అతడు మాట్లాడేది మొదటి దాని గురించి. డాక్టరు అడిగేది రెండో దాని గురించి. ఈ రెండింటి మధ్య ఉన్న అగాధంలోనే ఎందరో స్త్రీల జీవితాలు కూలిపోయాయి.

3

మన పూర్వులకు ఈ తేడా తెలియదా? తెలియదని అనుకుంటే చరిత్రకు అన్యాయం చేసినవాళ్ళమవుతాం. తెలుసు. ఈ చరిత్రలో ఆలోచించవలసిన అంశం కూడా అదే.

చరక సంహిత చికిత్సాస్థానంలో శుక్రదోషాలను ఎనిమిదిగా లెక్కించి, క్లైబ్యాన్ని నాలుగు రకాలుగా విభజించారు. వాటిలో ఒకటి కేవలం బీజం దెబ్బతినడం వల్ల కలిగేది, మరొకటి ముసలితనం వల్ల కలిగేది. సుశ్రుతుడు గర్భోత్పత్తిని మొలకతో పోల్చి, దానికి ఋతువు, క్షేత్రం, నీరు, బీజం నాలుగూ కావాలన్నాడు. ఆయుర్వేదపు ఎనిమిది అంగాల్లో ఒకటైన వాజీకరణం పూర్తిగా పురుషుడి కోసమే పుట్టింది. లోపం పురుషుడిలో ఉండవచ్చునన్న ఎరుక లేకుండా ఇంత శాస్త్రం పుట్టదు.

ధర్మశాస్త్రాల్లో కూడా ఈ ఎరుక ఉంది. నారదస్మృతి పెళ్ళికి ముందు వరుడిని పరీక్షించాలంటుంది. సంతానానికి పనికిరాని పురుషులను పద్నాలుగు రకాలుగా చెబుతుంది. బీజం లేనివాడికి క్షేత్రం మీద హక్కు లేదంటుంది. భర్త కనబడకపోయినా, మరణించినా, సన్యసించినా, క్లీబుడైనా, పతితుడైనా, ఈ ఐదు ఆపదల్లో స్త్రీ మరొక భర్తను పొందవచ్చుననే శ్లోకం నారదస్మృతిలోనూ పరాశరస్మృతిలోనూ ఉంది. ఈ శ్లోకాన్నే ఆధారం చేసుకుని ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1855లో వితంతు వివాహం కోసం వాదించాడు. 1856లో చట్టం వచ్చింది. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాడు. సంస్కరణోద్యమం ఆ శ్లోకంలోని "మరణించినా" అన్న మాటను పట్టుకుని ఒక యుగాన్ని కదిలించింది. దాని పక్కనే ఉన్న "క్లీబుడైనా" అన్న మాట అట్లాగే పడి ఉండిపోయింది.

మనుస్మృతి దారి వేరు. అక్కడ క్షేత్రం కన్నా బీజం గొప్పది. పిల్లలు కనని భార్య ఉండగా ఎనిమిదో ఏట, పుట్టిన పిల్లలు చనిపోతుంటే పదో ఏట, ఆడపిల్లల్నే కంటుంటే పదకొండో ఏట మరొక స్త్రీని చేసుకోవచ్చునని గడువులు పెట్టింది. వంట చేసే ఆమెకు భర్త ఇచ్చిన గడువు ఆరేళ్ళు. మనువు ఇచ్చిన దానికన్నా రెండేళ్ళు తక్కువ.

ఇతిహాసాలను చూడండి. పదకొండో శతాబ్దంలో నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో కురువంశం నిలిచింది దేనివల్ల? విచిత్రవీర్యుడు ఇద్దరు భార్యలతో కాపురం చేసి, పిల్లలు లేకుండానే క్షయతో మరణించాడు. అంబికకు, అంబాలికకు వ్యాసుడి వల్ల ధృతరాష్ట్రుడు, పాండురాజు పుట్టారు. లోపం అంబికది కాదని, అంబాలికది కాదని కథే రుజువు చేసింది. తర్వాతి తరంలో పాండురాజుకు మునిశాపం. కుంతి మంత్రంతో పిల్లల్ని కన్నది. భారతకథ మొత్తం రెండు తరాల పురుషుల సంతానహీనత మీద నిలబడి ఉంది. అయినా ఆ పుట్టినవాళ్ళు విచిత్రవీర్యుడి కొడుకులుగానే, పాండవులుగానే చలామణి అయ్యారు. బీజం ఎవరిదైనా పంట పొలం యజమానిదన్న న్యాయం ఇది. రామాయణంలో దశరథుడికి ముగ్గురు పట్టమహిషులు. ముగ్గురికీ చాలాకాలం కొడుకులు లేరు. యజ్ఞం చేసింది దశరథుడు. కాని యజ్ఞకుండం నుంచి వచ్చిన పాయసాన్ని తాగింది ఆ ముగ్గురు స్త్రీలు. లోపం ఎవరిదో కథ తేల్చదు. మందు మాత్రం ఆడవాళ్ళకే.

కనుక ఇది అజ్ఞానం వల్ల పుట్టిన అన్యాయం కాదు. తెలిసిన విషయాన్ని పక్కకు నెట్టగలిగిన అధికారం ఒకటి ఉన్నది. ఆ అధికారం దేనిది?

4

ఏంగెల్స్ 1884లో కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యం పుట్టుకల గురించి రాసిన గ్రంథంలో ఏకపత్నీ కుటుంబానికి, ఆస్తి వారసత్వానికి ఉన్న బంధాన్ని చూపించాడు. ఆస్తి తన కొడుక్కే చేరాలంటే, ఆ కొడుకు తనవాడేనన్న నిశ్చయం పురుషుడికి కావాలి. ఈ వ్యవస్థలో పురుషుడు వంశానికి మూలపురుషుడు. మూలంలోనే లోపం ఉందని ఒప్పుకుంటే అతని పెత్తనానికే పునాది కదులుతుంది. పొలంలో లోపం ఉందంటే పొలం మార్చుకోవచ్చు. అందుకే బహుభార్యాత్వం.

సంస్థానాల చరిత్ర చదివేవారికి ఇది కొత్త కాదు. ఇద్దరు రాణులు, ముగ్గురు రాణులు, చివరికి దత్తత. ప్రయోగశాల లేని కాలంలో అది ప్రయోగమే! పురుషుడు ఒకడే, స్త్రీలు మారారు, ఫలితం మారలేదు. ఆ ఫలితాన్ని ఎవరూ చదవలేదు. వారసుడు లేకపోవడం రాజ్యాలనే కూల్చిన రోజులున్నాయి. ఝాన్సీ గంగాధరరావు 1853లో మరణించాడు. డల్హౌసీ ఆయన దత్తపుత్రుడిని గుర్తించక 1854లో ఆ రాజ్యాన్ని కలిపేసుకున్నాడు. హిందూ పురుషుడు ఒక భార్య ఉండగా మరొకరిని చేసుకోవడం దేశమంతటా నేరమయింది 1955 హిందూ వివాహ చట్టంతో. దత్తతకు భార్య సమ్మతి తప్పనిసరి అయిందీ, ఆడపిల్లను దత్తత తీసుకునే వీలు కలిగిందీ 1956 చట్టంతో. అంతకుముందు ఎన్ని వందల ఏళ్ళు!

ఇక్కడ మిత్రులు ఒక ఆక్షేపణ చేయవచ్చు. "ఆస్తి ఉన్నవాడి సంగతి సరే. పాలమూరు వలస కూలీకి ఏ ఆస్తి ఉందని వారసుడి గొడవ?" ఈ ఆక్షేపణ న్యాయమైనదే. సెంటు భూమి లేని ఇంట్లో కూడా పిల్లలు కాని కోడలు గొడ్రాలే. పాలకవర్గపు భావాలే సమాజమంతటి భావాలుగా చలామణి అవుతాయన్నది ఒక కారణం. కాని అంతటితో సరిపెట్టుకోకూడదు. పింఛను, బీమా ఎరుగని శ్రామికుడికి ముసలితనంలో పిల్లలే ఆధారం. భూస్వామికి కొడుకు వారసుడైతే కూలీకి కొడుకు పని చేసే రెండు చేతులు. భయం వేరు, పునాది వేరు, శిక్ష మాత్రం ఒకే మనిషికి పడింది.

5

ఆధునిక విజ్ఞానమైనా ఈ శిక్షను వెంటనే రద్దు చేసిందా? చేయలేదు. 1677లో హాలెండులోని డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ తాను తయారుచేసుకున్న సూక్ష్మదర్శిని కింద వీర్యకణాలను చూశాడు. తోకలతో ఈదే ప్రాణులవి. అయితే 1694లో హార్ట్‌సూకర్ అనే శాస్త్రజ్ఞుడు వీర్యకణం తలలో ముడుచుకుని కూర్చున్న పూర్తి మనిషి బొమ్మ గీశాడు. అంటే మనిషంతా తండ్రిలోనే ఉన్నాడు, తల్లి కేవలం నేల. మనువు చెప్పిన బీజ ప్రాధాన్యం యూరప్‌లో భూతద్దం పెట్టుకుని తిరిగి వచ్చింది! క్షీరదాల అండాన్ని 1827లో ఫాన్ బేయర్ చూపించాడు. సముద్రపు అర్చిన్‌లో అండం, వీర్యకణం కలవడాన్ని 1876లో హెర్ట్‌విగ్ చూశాడు. అప్పటికి గాని తల్లీతండ్రీ సమాన భాగస్వాములన్న మాట శాస్త్రంలో స్థిరపడలేదు. వీర్యకణాలను లెక్కబెట్టి, ఆ సంఖ్యకూ సంతానానికీ ఉన్న సంబంధాన్ని అమెరికా వైద్యులు మాకోంబర్, శాండర్స్ చూపింది 1929లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పరీక్షకు మొదటి మార్గదర్శిని వెలువరించింది 1980లో.

కథకులకు అక్కరకు వస్తుందని కారణాలను క్లుప్తంగా చెబుతాను. వృషణాలు శరీరం వెలుపల ఉండడానికి కారణం వేడి. శరీర ఉష్ణోగ్రత కన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువలోనే అవి సరిగా పనిచేస్తాయి. ఒక వీర్యకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. అందుకే ఇవాళ వచ్చిన పెద్ద జ్వరం ప్రభావం రెండు మూడు నెలల తర్వాత పరీక్షలో కనబడవచ్చు. వృషణాల పైని సిరలు ఉబ్బే వెరికోసీల్ అన్నింటికన్నా ఎక్కువగా కనబడే కారణం. దాన్ని శస్త్రచికిత్సతో సరిచేయవచ్చు. ఈడు వచ్చాక గవదబిళ్ళలు వస్తే వృషణాలు వాచి దెబ్బతినవచ్చు. పుట్టుకతో వృషణం కిందికి దిగకపోవడం, గనేరియా, క్షయ వంటి అంటువ్యాధుల వల్ల నాళాలు మూసుకుపోవడం, హార్మోన్ల లోపం, పొగాకు, సారా, కండల కోసం వాడే స్టెరాయిడ్లు కూడా ఈ జాబితాలోవే. ఎంత వెతికినా కారణం దొరకనివీ చాలా ఉన్నాయి.

కొన్ని కారణాలు పుట్టుకలోనే ఉంటాయి. 1942లో క్లైన్‌ఫెల్టర్ వర్ణించిన స్థితిలో పురుషుడికి ఒక ఎక్స్ క్రోమోజోము ఎక్కువ ఉంటుందని 1959లో తేలింది. వై క్రోమోజోములో చిన్న ముక్క లోపిస్తే వీర్యకణాలు తయారు కావని 1976లో ఇటలీ శాస్త్రజ్ఞులు సూచించారు. మన హైదరాబాద్‌లోనే సీసీఎంబీ శాస్త్రజ్ఞులు తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం వీర్యంలో కణాలు లేని 340 మంది భారతీయ పురుషులను పరీక్షించి, 29 మందిలో, అంటే నూటికి ఎనిమిదిన్నర మందిలో, వై క్రోమోజోము ముక్కలు లోపించాయని 2003లో ప్రకటించింది. 2024లో అదే సంస్థ శాస్త్రజ్ఞులు టెక్స్13బి అనే జన్యువు వీర్యకణాల తయారీకి అవసరమని చూపారు. ఆ జన్యువు ఉన్నది ఎక్స్ క్రోమోజోము మీద. కొడుక్కు ఎక్స్ వచ్చేది తల్లి నుంచి. "చూశారా, తప్పు చివరికి ఆడదానిదే" అని దీన్ని కూడా చదవగల సమాజం మనది! క్రోమోజోము నేరం చేయదు. తల్లి అయినా తండ్రి అయినా దాన్ని ఎంచుకుని ఇవ్వరు.

సారాంశం ఇది. ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం రాని జంటల్లో దాదాపు సగం మందిలో పురుషుడి వైపు కారణం ఒంటరిగానో స్త్రీ వైపు కారణంతో కలిసో ఉంటుంది. పరీక్షల్లో అన్నింటికన్నా తేలికైనది, కోత లేనిది, తక్కువ ఖర్చుతో అయ్యేది వీర్య పరీక్ష. అయినా గర్భాశయాన్ని గీకించుకుని, గొట్టాల్లోకి మందు ఎక్కించుకుని, కడుపు కోయించుకున్న తర్వాత గాని "ఒకసారి ఆయన్ను కూడా తీసుకురండి" అన్న మాట వినని స్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. తేలికైన పరీక్ష చివర రావడానికి కారణం వైద్యశాస్త్రంలో లేదు.

6

పురుషుడి శరీరం కూడా చరిత్రలోనే ఉంది, శ్రమలోనే ఉంది. ఈ సంగతి మరిచిపోతే మన విమర్శ సగమే అవుతుంది.

1977లో కాలిఫోర్నియాలోని లాత్రప్ అనే ఊళ్ళో ఒక పురుగుమందుల కర్మాగారంలో పనిచేసే కార్మికులు తమలో తాము మాట్లాడుకున్నారు. "నీకూ పిల్లలు కాలేదా? నాకూ కాలేదు." యూనియన్ ద్వారా పరీక్షలు చేయించుకున్నారు. చాలామంది వీర్యంలో కణాలు లేవు, లేదా అతి తక్కువ. వాళ్ళు తయారు చేసేది డీబీసీపీ అనే మందు, నేలలోని నులిపురుగులను చంపేది. ఎలుకల మీద ఆ మందు వృషణాలను కుదించివేస్తుందని కంపెనీల సొంత ప్రయోగాల్లో తేలిన ఫలితాలు 1961లోనే అచ్చయి ఉన్నాయి! 1979లో అమెరికా ప్రధాన భూభాగంలో దాని వాడకం ఆపేశారు. కాని మధ్య అమెరికా అరటి తోటలకు అది చేరింది. కోస్టారికా, నికరాగువా, హోండురాస్ దేశాల్లో వేలాది కూలీలు సంతానశక్తిని పోగొట్టుకున్నారు. లాత్రప్ కార్మికుల రోగాన్ని మొదట పసిగట్టింది డాక్టరు కాదు. భోజన విరామంలో సిగ్గు విడిచి మాట్లాడుకున్న మగవాళ్ళు. ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించే ఘట్టం ఇదే. ఆ సిగ్గు విడవడమే ఒక పోరాటం.

మన సంగతి? మా ప్రాంతపు ఎర్ర నేలల్లో, నల్లరేగళ్ళలో జొన్న, కంది మధ్యకు పత్తి వచ్చింది. పత్తితో మందు డబ్బా వచ్చింది. వీపున పంపు, నోటికి తువ్వాలు, కాళ్ళకు ఏమీ లేదు. పత్తి చేలలో మందు కొట్టే మగవాళ్ళ కుటుంబాలను పరిశీలించి ఉస్మానియా విశ్వవిద్యాలయ జన్యుశాస్త్రజ్ఞులు 1991లో ఫలితాలు ప్రచురించారు. మందు తగలని కుటుంబాలతో పోలిస్తే సంతాన సామర్థ్యం తక్కువగా, గర్భస్రావాలు, పుట్టుక లోపాలు ఎక్కువగా ఉన్నాయి. గమనించండి, మందు తగిలింది మగవాడికి, గర్భం పోయింది ఆడదానికి. ఊళ్ళో ఆ గర్భస్రావానికి ఎవరిని తిట్టి ఉంటారో చెప్పనక్కరలేదు. కేరళ కాసర్‌గోడులో జీడితోటల మీద ఎండోసల్ఫాన్ చల్లిన పల్లెల్లో మగపిల్లలకు ఈడు రావడం ఆలస్యమవుతున్నదని అహ్మదాబాదు జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ 2003లో చూపింది. సుప్రీంకోర్టు 2011లో ఆ మందును నిలిపివేసింది. అప్పటిదాకా అది మన పత్తి చేలలోనూ పారింది. ఇటుక బట్టీల దగ్గర, కొలిమిల దగ్గర రోజంతా వేడిలో నిలబడేవాడి శరీరం మీద ఆ వేడి ప్రభావం ఉంటుంది. బ్యాటరీల సీసం ఉంటుంది. ఏడాదిలో ఎనిమిది నెలలు పుణెలోనో ముంబైలోనో ఉండే వలస కూలీకి భార్యతో గడిపే రోజులెన్ని? ఇంత చరిత్ర ఒక మనిషి శరీరం మీద నడిచి వెళ్ళిన తర్వాత, నింద మాత్రం అతని భార్య కొంగుకు ముడి వేశాం.

రాజ్యం పాత్రను కూడా చెప్పాలి. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో, దేశంలో జరిగిన కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు 82 లక్షలకు పైన. అందులో 62 లక్షలు మగవాళ్ళవి. బలవంతంగా పట్టుకుపోయి చేసిన ఆపరేషన్లు పేదల మనసుల్లో ఒక భయాన్ని నాటాయి. వాసెక్టమీ వల్ల పోయేది వీర్యకణాల దారి మాత్రమే, మగతనం కాదు. కాని ఆ రెంటికీ తేడా చెప్పే మాటే లేని భాషలో ఎవరు నమ్ముతారు? దాని ఫలితం ఇప్పటికీ ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, వివాహిత జంటల్లో భార్య ఆపరేషను మీద ఆధారపడినవి నూటికి 37.9 కాగా, భర్త ఆపరేషను మీద ఆధారపడినవి 0.3. పిల్లలు కావాలన్నా ఆమె శరీరమే, వద్దన్నా ఆమె శరీరమే.

7

ఇక సాహిత్యం. 1892లో మొదట ప్రదర్శించిన కన్యాశుల్కంలో వయసు మళ్ళిన లుబ్ధావధాన్లు పసిపిల్లను కొనుక్కోవడానికి సిద్ధపడతాడు. గురజాడ ఆ పెళ్ళిని నవ్వులపాలు చేసి, దాని వెనకున్న బేరాన్ని బయటపెట్టాడు. పూర్ణమ్మ కథలో అదే బేరాన్ని కన్నీటితో చెప్పాడు. ముసలి వరుడి అర్హతను ప్రశ్నించిన మొదటి గొప్ప ఆధునిక గొంతు ఆయనది. ఆ ప్రశ్నను మనం ముందుకు తీసుకుపోయామా?

మన కథల్లో, సినిమాల్లో పిల్లలు లేని ఇల్లాలు ఒక అచ్చుబొమ్మ. ఆమె ఏడుస్తుంది. పక్కింటి పాపను ముద్దాడుతుంది. అత్త తిడుతుంది. చివరకు తానే భర్తకు రెండో పెళ్ళి చేసి త్యాగమూర్తి అవుతుంది, లేదా నుయ్యో గొయ్యో చూసుకుంటుంది. రచయిత ఆమె పట్ల జాలి కురిపిస్తాడు. భర్త ఆ కథలో మౌనంగా, గంభీరంగా, నిర్దోషిగా నిలబడి ఉంటాడు. అటువంటి ఒక కథను నేను ఇరవై ఏళ్ళ కింద ఒక సభలో "స్త్రీ పక్షాన నిలిచిన రచన" అని మెచ్చుకున్నాను. స్త్రీ పక్షాన నిలిచిన ఆ కథలో "భర్తను పరీక్ష చేశారా?" అని అడిగిన పాత్ర ఒక్కటీ లేదని నాకు తట్టలేదు. విమర్శకుడిగా అది నా వైఫల్యం. జాలి చూపినంత మాత్రాన అభ్యుదయం కాదు. నిందను నిందగానే ఉంచి, దాని మీద కన్నీళ్ళు చల్లడం యథాస్థితికి చేసే సేవే.

తమిళంలో పెరుమాళ్ మురుగన్ 2010లో రాసిన మాదొరుభాగన్ నవల చూడండి. పన్నెండేళ్ళుగా పిల్లలు లేని కాళి, పొన్న అనే రైతు దంపతులు. వాళ్ళకు ఒకరంటే ఒకరికి ప్రాణం. ఊరి మాటలు ఇద్దరినీ పొడుస్తాయి. తిరుచెంగోడు రథోత్సవపు రాత్రి, పిల్లలు లేని స్త్రీ అపరిచితుడితో కలవవచ్చుననే ఆచారం వాళ్ళ మధ్యకు వస్తుంది. ఆ నవల మీద ఎంత దాడి జరిగిందో, 2015 జనవరిలో తనలోని రచయిత మరణించాడని ఆయన ఎట్లా ప్రకటించవలసి వచ్చిందో, 2016 జులైలో మద్రాసు హైకోర్టు ఆయన రాసే హక్కును ఎట్లా నిలబెట్టిందో మనకు తెలుసు. కులం, ఊరి పరువు, దేవుడు అన్నవి ఆ దాడికి పైకి చెప్పిన కారణాలు. నా దృష్టిలో లోపలి కారణం ఇంకొకటి ఉంది. అటువంటి ఆచారాన్ని ఊహించడమంటేనే లోపం పురుషుడిలో ఉండవచ్చునని ఊరు ఊరంతా మౌనంగా ఒప్పుకోవడం. ఆ ఒప్పుకోలు బయట పడటాన్ని పెత్తనం సహించలేదు.

అయితే ఒక హెచ్చరిక అవసరం. నింద దిశ మార్చడం మన పని కాదు. ఇన్నాళ్ళు ఆమెను తిట్టాం కనుక ఇకపై అతణ్ణి తిడదామనే కథ కొత్త కథ కాదు, పాత కథకే లింగం మార్చిన రూపం. గొడ్డురాలు అన్న మాటకు మహద్వాచకం తయారు చేయడం వ్యాకరణానికి లాభమేమో గాని మనిషికి కాదు. పోవలసింది ఆ మాటలోని శిక్ష. సంతానం లేకపోవడం ఒక శరీర స్థితి. దానికి కారణం తెలుసుకోవచ్చు, కొన్నిసార్లు చికిత్స చేయవచ్చు, కొన్నిసార్లు చేయలేం. దత్తత ఉంది, పిల్లలు లేకుండా హాయిగా బతకడమూ ఉంది. 1992లో బ్రసెల్స్‌లో, ఒకే ఒక వీర్యకణాన్ని సూదితో అండంలోకి పంపే పద్ధతి విజయవంతమయింది. ఇప్పుడు అది మన పట్టణాలకూ వచ్చింది, అప్పులతో సహా. సిగ్గును సొమ్ము చేసుకునే అంగడి ఒకటి తెరుచుకున్నది. భూస్వామ్యం ఇచ్చిన నిందను పెట్టుబడి ఇప్పుడు వాయిదాల్లో అమ్ముతున్నది. ఆ కథ కూడా ఎవరో రాయాలి.

అంతకన్నా ముందు రాయవలసిన కథ మరొకటి ఉంది. అది ఒక పురుషుడి కథ. సీసా పట్టుకుని పరీక్ష గది ముందు నిలబడి, ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తారేమోనని గోడ వైపు తిరిగిన పురుషుడు. కాగితం మీద సున్న చూసి, ఆ సున్నను ఇంటికి తీసుకువెళ్ళి భార్యకు చూపించాలా, దారిలో చించేయాలా అని బస్టాండులో కూర్చున్న పురుషుడు. అతడు దాన్ని చూపిస్తే ఒక స్త్రీ జీవితం నిలబడుతుంది. చించేస్తే మరొక స్త్రీ గొడ్రాలవుతుంది. ఇంత నాటకం ఉన్న ఘట్టం మన కథకులకు అరుదుగా కూడా ఎందుకు కనబడదు?

8

మరునాడు అదే తరగతికి వెళ్ళి నల్లబల్ల మీద ఆ పట్టిక మళ్ళీ రాశాను. గొడ్డురాలు అన్న మాటను తుడిచేయలేదు. భాషలో ఉన్న మాటను దాస్తే చరిత్ర మారదు. ఆ మాటకు మహద్వాచకం ఎందుకు లేదో, దాన్ని ఎవరు లేకుండా చేశారో, జీవశాస్త్రం ఏం చెబుతున్నదో పిల్లలకు చేతనైనంత చెప్పాను. మగపిల్లలు తలలు దించుకున్నారు, కొందరు నవ్వు ఆపుకున్నారు. ప్రశ్న అడిగిన అమ్మాయి నోటుపుస్తకంలో రాసుకున్నది.

మధ్యాహ్నం వంట చేసే ఆమె దగ్గరికి వెళ్ళి, "అక్కా, ఈ రోజు చెప్పిన" అన్నాను. ఆమె గరిటె ఆపలేదు. "ఇన్న సారూ. మంచిగ చెప్పిండ్రు. గని నలభై ఏండ్ల కింద మా ఊర్ల చెప్పే సారు ఉంటే బాగుండు" అన్నది. కాసేపాగి, "ఆ రెండో ఆమె ఇంకా ఉన్నది. ఊర్లనే ఉంటది. ఆమెకు పోయి చెప్తా" అన్నది.

ఇద్దరు గొడ్రాండ్లలో ఒకరు మరొకరికి చెప్పబోయే ఆ సంభాషణ తెలుగు సాహిత్యంలోకి ఇంకా రాలేదు. దాన్ని రాయడానికి రచయిత వైద్యుడు కానక్కరలేదు. ఆ ఇద్దరు స్త్రీల పక్కన కూర్చుని వినగలిగితే, విన్నదాన్ని మగవాడి వైపు తిరిగి చెప్పగలిగితే చాలు.